కేసులు పెరిగాయంటే నేరాలు పెరిగినట్టేనా?

ప్రశ్న: దేశంలో నేరాల లెక్కలు ప్రచురించే కేంద్ర సంస్థ ఎన్‌సీఆర్‌బీ లెక్కల్లో 2020లో 66 లక్షల కేసులు, 2022లో 58 లక్షల పైచిలుకు. లాక్‌డౌన్ ఏడాది దొంగతనాలు తగ్గాలి కదా, ఈ తిరకాసేమిటండీ?

జవాబు 1: తగ్గాయి కూడా. ఉబ్బింది వేరే చోట. అధికారి ఉత్తర్వు ధిక్కరిస్తే అప్పట్లో పెట్టిన ఐపీసీ (2024 దాకా ఉన్న శిక్షాస్మృతి) 188వ సెక్షన్ కేసులు 2019లో 29,469 ఉంటే, 2020లో 6,12,179. అదంతా కొవిడ్ ఆంక్షల పుణ్యం. మొత్తం అంకె పట్టుకుని వాదించకండి, హత్యల వరుస చూడండి. శవం దొరికాక కేసు కట్టకుండా తప్పించుకోవడం కష్టం.

జవాబు 2: ఇంకో మెలిక. ఒకే ఎఫ్‌ఐఆర్‌లో హత్య, అత్యాచారం రెండూ ఉంటే హత్య కిందే ఒక్క కేసుగా లెక్క. ఇక రేటు లక్ష జనాభాకు కడతారు, ఆ జనాభా 2011 సెన్సస్ మీద వేసిన అంచనా. కేరళ రేటు ఎక్కువ కనబడటానికి అక్కడ కేసులు సరిగ్గా నమోదు కావడమూ కారణమే.

ప్రశ్న: అసలు కేసే కట్టకపోతే?

జవాబు 3: బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 173వ సెక్షన్ చదవండి. ఘటన ఏ స్టేషన్ పరిధిలో జరిగినా, మీరు వెళ్లిన స్టేషన్‌లోనే జీరో ఎఫ్‌ఐఆర్ కట్టాలి. ఆన్‌లైన్‌లో పంపితే 3 రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి. కాపీ ఉచితం. మూడు నుంచి ఏడేళ్లలోపు శిక్షపడే నేరమైతే డీఎస్పీ అనుమతితో 14 రోజుల ప్రాథమిక విచారణ చేయొచ్చు. తిప్పి పంపితే ఎస్పీకి పోస్టులో రాయండి, ఆ తర్వాతే మేజిస్ట్రేట్. చాలామంది పోస్టు రసీదు పారేస్తారు. ఎస్పీకి రాసినట్టు రుజువు, అఫిడవిట్ లేకపోతే పిటిషన్ అక్కడే ఆగుతుంది.