ఐగేట్ వింటే చాలా, ప్రసారం కూడా చేయాలా?

ప్రశ్న వేసినవారు:
ఏపీఆర్ఎస్ (హ్యామ్‌లు, అంటే లైసెన్స్ తీసుకుని అభిరుచిగా రేడియో వాడేవాళ్లు, స్థాన వివరాలు, చిన్న మెసేజ్‌లు పంపుకునే వ్యవస్థ) కోసం ఇంట్లో ఐగేట్ పెట్టి నెలయింది. ఐగేట్ అంటే రేడియోకూ ఇంటర్నెట్‌కూ మధ్య వారధి. ఒక ఎస్‌డీఆర్ డాంగిల్ (కంప్యూటర్‌కు తగిలించే చిన్న రేడియో రిసీవర్), రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్, రేడియో సంకేతాలను విప్పి చదివే డైర్‌ఉల్ఫ్ సాఫ్ట్‌వేర్, అంతే. చుట్టుపక్కల రేడియోలు పంపే స్థాన వివరాలను విని ఇంటర్నెట్‌కు ఎక్కిస్తుంది. తిరిగి గాలిలోకి ఏమీ పంపదు. ఇలా వినడానికే పరిమితమైన ఐగేట్ వల్ల మేలు కన్నా కీడే ఎక్కువని ఒక సీనియర్ హ్యామ్ అన్నారు. నిజమేనా?

జవాబు 1:
నిజమేనండీ. ఏపీఆర్ఎస్‌ను రూపొందించిన బాబ్ బ్రునింగా ఇది వాహనాల ట్రాకింగ్ వ్యవస్థ కాదని, రెండువైపులా సమాచారం నడవాల్సిన వ్యవస్థ అని పదేపదే చెప్పారు. మ్యాప్ మీద చుక్కలు అందులో ఒక భాగం మాత్రమే.

కొండదారిలో వెళ్తున్న ఒకరు చేతి రేడియో నుంచి మెసేజ్ పంపారనుకోండి. మీ ఐగేట్ దాన్ని విని సర్వర్‌కు చేర్చింది, అవతలివారికి అందింది. అందినట్టు వాళ్ల రేడియో పంపే రసీదు ఇంటర్నెట్ దాకా వచ్చి ఆగిపోతుంది. దాన్ని గాలిలోకి పంపడానికి మీ దగ్గర ట్రాన్స్‌మిటర్ లేదు కదా! రసీదు రాలేదని ఈ రేడియో అదే మెసేజ్‌ను మళ్లీ మళ్లీ పంపుతుంది. ఛానెల్ నిండుతుంది, పంపినవారికి టెన్షన్ మిగులుతుంది.

జవాబు 2:
నేను ఒప్పుకోను. అందరికీ కలిపి ఉన్నది ఒక్క ఛానెల్, వేగం 1200 బాడ్, అంటే ఇక్కడ సెకనుకు 1200 బిట్లు. 100 బైట్ల ప్యాకెట్‌కు (ఒక విడతలో పంపే సమాచారానికి) దాదాపు 0.7 సెకన్లు పడుతుంది, ట్రాన్స్‌మిటర్ మొదలయ్యే సమయం దానికి అదనం. ప్రతి ఇంట్లోనూ ఒక ఐగేట్ ప్రసారం మొదలుపెడితే బలహీనమైన చేతి రేడియోలు ఎవరికీ వినబడవు.

అంతకన్నా పెద్ద విషయం ఇంకొకటుంది. సర్వర్‌లో లాగిన్ కావడానికి వాడే పాస్‌కోడ్ కాల్‌సైన్ (లైసెన్స్‌తో హ్యామ్‌కు ఇచ్చే గుర్తింపు పేరు) నుంచి లెక్కగట్టిన సంఖ్య. ఆ లెక్క అందరికీ తెలిసిందే. కాబట్టి లైసెన్స్ లేని మనిషి కూడా ఎవరి కాల్‌సైన్‌తోనైనా లోపలికి రాగలడు. అతని రాతను నా యాంటెన్నా ప్రసారం చేస్తే జవాబు చెప్పుకోవాల్సింది నేనే.

జవాబు 1:
పాస్‌కోడ్ గురించి మీరన్నది కాదనలేను, అది నిజమైన బలహీనతే. కానీ ఐగేట్ ఇంటర్నెట్‌లో ఉన్నదంతా గాలిలోకి వదలకూడదు. ఈమధ్య దగ్గరలో తాను స్వయంగా విన్న స్టేషన్ల పేరున వచ్చిన మెసేజ్‌లను మాత్రమే పంపాలి, అదీ డిజిపీటర్ల (విన్న ప్యాకెట్‌ను మళ్లీ ప్రసారం చేసే స్టేషన్ల) మీదుగా పోకుండా నేరుగా. అలా కట్టుదిట్టంగా పెడితే రోజుకు కొన్ని ప్యాకెట్లే పోతాయి. ఛానెల్‌ను నింపేది ఎక్కువగా నిమిషానికోసారి బీకన్ (తన స్థానం చెప్పే ప్యాకెట్) వదిలే ట్రాకర్లు, అక్కర్లేకుండా పెట్టుకున్న పొడుగు పాత్‌లు (ప్యాకెట్ ఎన్ని డిజిపీటర్ల మీదుగా పోవాలో చెప్పే సూచనలు).

జవాబు 3:
ముందు మీ చుట్టూ ఎవరున్నారో చూసుకోండి. సర్వర్‌కు చేరిన ముడి ప్యాకెట్‌లో (విప్పి చూపని అసలు రూపంలో) క్యూఏఆర్ అనే గుర్తు ఉంటే దాన్ని చేర్చింది మామూలు, అంటే రెండువైపుల ఐగేట్, క్యూఏఓ అని ఉంటే వినడానికి మాత్రమే పెట్టిన ఐగేట్. రెండువైపుల ఐగేట్ దగ్గరలో ఉంటే మీది వింటూ ఉన్నా నష్టం లేదు. ఒక్కటీ లేకపోతే మాత్రం ఆ బాధ్యత మీదే.

ప్రశ్న వేసినవారు:
చూశాను. తూర్పు వైపు రెండువైపుల ఐగేట్ ఒకటి ఉంది, కానీ గుట్ట అడ్డం. పడమటి లోయలోని రేడియోలను నా ఐగేట్ తప్ప ఎవరూ వినడం లేదు. తక్కువ పవర్ ట్రాన్స్‌మిటర్ కలుపుతాను, మెసేజ్‌లు మాత్రమే పంపేలా. లోయ నుంచి రోజూ వెళ్లే ఒక హ్యామ్‌ను పరీక్షగా మెసేజ్ పంపమని అడిగాను. రసీదు ఆయనకు చేరిందో లేదో ఇక్కడే రాస్తాను.