బడి మానిపించి పూర్తిగా ఆటలోకి: ఏ లెక్కలు చూసుకోవాలి?

బేస్‌లైన్14 (ప్రశ్న)

14 ఏళ్ల అమ్మాయి, టెన్నిస్. ఇప్పుడు వారానికి 18 గంటల ప్రాక్టీసు, బడికి రోజూ వెళ్తోంది. అకాడమీ వాళ్లు బడి మానిపించి ప్రాక్టీసు 30 గంటలు చేద్దాం, ఈ ఏడాదే ప్రొఫెషనల్ టోర్నీల్లో దింపుదాం అంటున్నారు. ఆ 30 గంటలు నిజంగా అవసరమా? చదువు తెగిపోకుండా వేరే ఏర్పాటు ఏదైనా ఉందా? కాగితాల మీద సంతకం చేసేముందు ఏం చూడాలి? "పిల్ల ఇష్టం", "చదువే ముఖ్యం" లాంటి మాటలు చాలామంది చెప్పారు. ఇక్కడ లెక్కలు, నియమాలు, ఎక్కడ బెడిసికొడుతుందో చెప్పగలిగితే మేలు.

రెండోసర్వ్

ముందు వారం లెక్క వేద్దాం. వారంలో 168 గంటలు. రోజుకు 9 గంటల నిద్ర అనుకుంటే 63 పోయి 105 మిగులుతాయి. బడి రోజుకు 6 చొప్పున ఆరు రోజులు, 36. తిండి, స్నానం వగైరా రోజుకు 3 చొప్పున 21. బడికీ కోర్టుకూ తిరగడానికి 10. ప్రాక్టీసు 18. హోంవర్కు 8. మొత్తం 93. ఇంకా 12 గంటలు మిగిలే ఉన్నాయి.

అంటే ఇప్పటి ప్రాక్టీసుకు బడి అడ్డం కావడం లేదండి. అడ్డం వచ్చేది ప్రయాణాల దగ్గర. ఏడాదికి 20 వారాలు టోర్నీలకు తిరిగితే హాజరూ పోతుంది, పరీక్షలూ పోతాయి. అందుకే అకాడమీని ముందుగా అడగాల్సింది వచ్చే 12 నెలల టోర్నీ క్యాలెండర్. వారం వారీగా, రాతపూర్వకంగా. అది ఇవ్వలేని అకాడమీకి బడి మానమని చెప్పే హక్కు లేదని నా అభిప్రాయం.

30 గంటల సంగతి. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ సహా పిల్లల క్రీడావైద్యంలో విరివిగా చెప్పే ఒక కొలత ఉంది: వారానికి క్రమబద్ధమైన శిక్షణ గంటలు వయసు సంఖ్యను దాటకూడదు. ఆ లెక్కన 14 ఏళ్లకు 14 గంటలు. పై స్థాయిలో ఆడే పిల్లలు దీన్ని దాటుతుంటారు, అది వాస్తవం. కానీ 18కే దాటేశాం. 30 అంటే రెట్టింపు కన్నా ఎక్కువ. పైగా అదనంగా వచ్చే ఆ 12 గంటల్లో ఏం చేయిస్తారో అడగండి. చాలాచోట్ల అది బుట్టలోంచి బంతులు వేసి ఒకే షాట్ వందలసార్లు కొట్టించడమే. ఆటకు ఒరిగేది తక్కువ, భుజానికి భారం ఎక్కువ. ఇప్పుడున్న 18నే కోర్టు మీద 11, ఫిట్‌నెస్ 4, పాయింట్లు లెక్కపెట్టి ఆడే మ్యాచ్‌లు 3గా విడగొట్టి చూడండి. పెంచాలనుకుంటే నెలకు ఒక్క సెషన్ చొప్పున పెంచండి. మూడో నెలలో సర్వ్ వేగం తగ్గుతున్నా, నిద్ర చెడుతున్నా వెనక్కి రండి.

నియమం కూడా తెలుసుకోవాలి. టెన్నిస్‌లో 14 నిండకుండా ప్రొఫెషనల్ టోర్నీ ఆడనివ్వరు. అమ్మాయిలకు 14 నుంచి 18 నిండేదాకా ఏడాదికి ఇన్ని టోర్నీలే అని వయసును బట్టి పరిమితి. అమెరికా క్రీడాకారిణి జెన్నిఫర్ కాప్రియాటి 1990లో 14 నిండకముందే ప్రొఫెషనల్ అయి, కొన్నేళ్లకే ఆటకు దూరమైన తర్వాత మహిళల టెన్నిస్ సంఘం డబ్ల్యూటీఏ 1990ల మధ్యలో ఈ నిబంధనలు బిగించింది. ఆమె తిరిగి వచ్చి 2001లో ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచింది, అది వేరే సంగతి. ఇక్కడ చాలామంది పొరపడేది ఒకటుంది: ఆ కోటా జనవరి నుంచి డిసెంబరుకు కాదు, పుట్టినరోజు నుంచి పుట్టినరోజుకు. తొలి ఆరు నెలల్లో చిన్నాచితకా టోర్నీలన్నీ ఆడేస్తే, ఆట కుదురుకునే సమయానికి కోటా అయిపోయి ఖాళీగా కూర్చోవాలి. సంఖ్యలు మారుతుంటాయి కాబట్టి ఈ ఏటి రూల్‌బుక్కే చూడండి.

కోటా ఉన్నప్పుడు 20 వారాల ప్రొఫెషనల్ సర్క్యూట్ ఎలాగూ సాధ్యం కాదు. మరి బడి ఎందుకు మానాలి? ఈ ఒక్క ప్రశ్న వాళ్లను సూటిగా అడగండి.

గ్రోత్‌ప్లేట్

ఎముకల వైపు నుంచి చెప్తాను.

అమ్మాయిలు వేగంగా పొడవు పెరిగేది సుమారు 12 ఏళ్లప్పుడు, అబ్బాయిలు 14 ప్రాంతంలో. ఇది సగటు మాత్రమే, రెండేళ్లు అటూ ఇటూ మామూలే. ఆ దశలో ఎముక ముందు సాగుతుంది, గట్టిదనం ఆ తర్వాత కొన్ని నెలలకు గానీ రాదు. సరిగ్గా ఆ సందులోనే శిక్షణ పెంచితే ఎముకలో ఒత్తిడి పగుళ్లు వస్తాయి.

చేయాల్సింది తేలిక. నెలకోసారి, ఒకే రోజున, పొద్దున్నే, చెప్పుల్లేకుండా గోడకు ఆనించి ఎత్తు కొలిచి రాయండి. సాయంత్రానికి వెన్నుపూసల మధ్య డిస్కులు నొక్కుకుని ఎత్తు కాస్త తగ్గుతుంది, అందుకే పొద్దున్నే అంటున్నాను. నెలకు 0.6 సెంటీమీటర్ల కన్నా ఎక్కువ పెరుగుతుంటే గంటలు పెంచే మాట ఆపండి. సర్వ్‌ల సంఖ్య, గెంతుల సంఖ్య తగ్గించండి. ఆ నెలల్లో కాళ్లూ చేతులూ తన మాట విననట్టు ఉంటాయి. షాట్లు గతి తప్పుతాయి. కోచ్‌కు అది శ్రద్ధ లేకపోవడంలా కనిపించి ఇంకా ఎక్కువ కొట్టిస్తాడు. దెబ్బ తగిలేది అప్పుడే.

టెన్నిస్‌లో నేను అన్నిటికన్నా భయపడేది నడుము. సర్వ్ చేసేటప్పుడు నడుము వెనక్కి వంగి తిరుగుతుంది. అదే కదలిక వేలసార్లు జరిగితే వెన్నుపూస వెనక భాగంలో పగులు రావచ్చు. ఫాస్ట్ బౌలర్లకు, జిమ్నాస్ట్‌లకు వచ్చేదీ అదే. గుర్తు: నడుములో ఒకవైపు నొప్పి, వెనక్కి వంగితే ఎక్కువ, పడుకుంటే తక్కువ. రెండు వారాలు దాటితే క్రీడావైద్యుడికి చూపించాల్సిందే. తొలిదశలో ఎక్స్‌రేలో తరచూ కనపడదు, ఎంఆర్ఐ కావాలి. ఎక్స్‌రే బాగుందని ఆట కొనసాగించడం వల్లనే పగులు పూర్తిగా విడిపోతుంది. తొందరగా పట్టుకుంటే సాధారణంగా మూడు నెలల విశ్రాంతితో తేరుకుంటారు.

నిద్ర 13 నుంచి 18 ఏళ్లవాళ్లకు 8 నుంచి 10 గంటలు. వారంలో ఒక్క రోజైనా పూర్తి సెలవు, రెండైతే ఇంకా నయం. ఏడాదిలో మొత్తం మూడు నెలలు ఈ ఆటకు దూరం, నెల నెలగా విడగొట్టుకోవచ్చు. ఈతకో సైకిల్‌కో పోవచ్చు.

అమ్మాయి కాబట్టి ఇంకొకటి తప్పక చెప్పాలి. నెలసరి వరుసగా మూడు నెలలు రాకపోయినా, 15 నిండినా మొదలే కాకపోయినా, "ఆడే పిల్లలకు అంతేలే" అని సరిపెట్టుకోవద్దు. శిక్షణకు తగ్గ తిండి లేదనడానికి అది గుర్తు కావచ్చు. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ ఈ పరిస్థితికి రెడ్-ఎస్ అని పేరు పెట్టింది. ఎముకల బలం ముందు పోతుంది, ఆట తర్వాత పోతుంది. ఈ సంగతి కోచ్ మగవాడైతే పిల్ల చెప్పుకోలేదు. ఇంట్లో ఎవరో ఒకరు క్యాలెండర్ మీద రాసిపెట్టాలి.

మూడోబెంచీ

చదువు ఏర్పాటు గురించి. కొలబద్ద ఒక్కటే: ఏడాదిలో పోయే బడి వారాలు ఎన్ని?

ఆరు నుంచి ఎనిమిది వారాల దాకా అయితే మామూలు బడే నయం. ప్రధానోపాధ్యాయుల దగ్గర రాతపూర్వకంగా మూడు విషయాలు తీసుకోండి: హాజరు మినహాయింపు ఎన్ని రోజులు, తప్పిన పరీక్ష మళ్లీ ఎప్పుడు పెడతారు, పాఠాలు ఎవరు పంపుతారు. నోటిమాట మీద ఉంటే ఆ టీచరు మారిన రోజున అంతా మొదటికొస్తుంది.

అంతకు మించితే ఓపెన్ స్కూల్ లేదా దూరవిద్య. చేర్చేముందు చూడాల్సినవి: ఆ సర్టిఫికెట్‌ను కాలేజీలు ఒప్పుకుంటాయా, సబ్జెక్టులు ఒక్కొక్కటిగా పరీక్ష రాయవచ్చా, పరీక్షా కేంద్రం మార్చుకోవచ్చా, ప్రాక్టికల్స్ ఎన్ని రోజులు. చివరిది చాలామంది మరిచిపోతారు. సైన్సు తీసుకుంటే ల్యాబ్ రోజులకు స్వయంగా హాజరు కావాల్సి ఉంటుంది, అవి వచ్చి టోర్నీ మీద పడతాయి.

రోజువారీగా రెండు గంటలు, వారానికి ఐదు రోజులు. పొద్దుటి ప్రాక్టీసుకూ సాయంత్రం ప్రాక్టీసుకూ మధ్య పెట్టండి. రాత్రికి వాయిదా వేస్తే నిద్రపోతుంది, అందులో పిల్ల తప్పేమీ లేదు. ఒకేసారి రెండు సబ్జెక్టులే నడపండి, అవి పూర్తయ్యాకే తర్వాతి రెండు. ఐదూ ఒకేసారి మొదలుపెడితే ఏడాది చివర ఐదూ సగంలో ఆగి ఉంటాయి. ముందు ఆగేది లెక్కలే, ఎందుకంటే మధ్యలో మూడు వారాలు విడిచి మళ్లీ పట్టుకోవడం కష్టం. ప్రయాణంలో కూడా లెక్కలు రోజుకు అరగంట వదలొద్దు. చరిత్ర లాంటివి విమానంలో చదువుకోవచ్చు. మ్యాచ్ రోజున పుస్తకం వద్దు. ఓడిపోయిన మర్నాడు మాత్రం మూడు గంటలు పెట్టండి, ఎలాగూ కోర్టు ఖాళీ.

పర్యవేక్షించే మనిషి కోచ్ కాకూడదు. ఆయనకు ఎప్పుడూ ప్రాక్టీసే ముందు, అది ఆయన పని. వారానికోసారి ఏం రాసింది, ఏం మిగిలింది అని చూసే మనిషి వేరే ఉండాలి. పరీక్ష తేదీలు టోర్నీ ఎంట్రీలు పంపకముందే క్యాలెండర్‌లో ఎక్కాలి. ఎంట్రీ ఇచ్చాక ఆలస్యంగా విరమించుకుంటే జరిమానాలు పడవచ్చు, అప్పుడు ఇంట్లో అందరూ పరీక్షనే వదిలేద్దాం అంటారు.

బేస్‌లైన్14

చాలా ఉపయోగపడింది, అందరికీ ధన్యవాదాలు. క్యాలెండర్ అడిగాను, 14 వారాలు బయట అని వచ్చింది. కాంట్రాక్టు కాగితం కూడా ఇచ్చారు: శిక్షణ ఉచితం, ఆరేళ్లు, తర్వాత ప్రైజ్‌మనీలో వాటా. ఈ నెలాఖరులోగా చెప్పకపోతే సీటు వేరేవాళ్లకు ఇస్తామంటున్నారు.

సంతకానికిముందు

బేస్‌లైన్14 గారూ, ఈ కాగితం ఒక న్యాయవాదికి చూపించకుండా సంతకం వద్దు. అకాడమీ సూచించిన న్యాయవాది పనికిరాడు. చూడాల్సినవి ఇవి.

ఆరేళ్లంటే పిల్లకు 20 వచ్చేదాకా. మైనర్ల విషయంలో అది చాలా ఎక్కువ. ఫుట్‌బాల్‌లో ఫిఫా నియమాల ప్రకారం 18 లోపు వాళ్ల కాంట్రాక్టు మూడేళ్లు మించకూడదు. టెన్నిస్‌కు ఆ నియమం వర్తించదు, కానీ బేరానికి మంచి కొలత. మూడేళ్లు అడగండి. "మరో మూడేళ్లు పొడిగించే అధికారం అకాడమీది" అనే వాక్యం లోపల ఎక్కడైనా దాక్కుని ఉందేమో చూడండి. ఉంటే అది ఆరేళ్ల కిందే లెక్క.

వాటా దేని మీద? ఖర్చులు పోగా మిగిలినదాని మీదా, మొత్తం మీదా? ఈ స్థాయిలో ప్రయాణం, బస, కోచ్ ఖర్చులు ప్రైజ్‌మనీని మించిపోతాయి. మొత్తం మీద వాటా అంటే నష్టంలో ఉన్నప్పుడు కూడా చెల్లించాలి. ఎప్పటిదాకా, గరిష్ఠంగా ఎంత, ఈ రెండూ అంకెల్లో ఉండాలి. స్పాన్సర్‌షిప్‌ను, పేరూ ఫొటో వాడుకునే హక్కునూ దీనిలో కలిపారేమో చూడండి. అవి వేరుగానే ఉండాలి.

మధ్యలో మానేస్తే? "అప్పటిదాకా అయిన శిక్షణ ఖర్చు తిరిగి చెల్లించాలి" అని రాస్తే ఉచితం అన్నది అప్పు అయిపోతుంది. గాయం వల్ల మానితే ఏమీ కట్టనక్కర లేదని స్పష్టంగా రాయించండి. ఎన్ని నెలల గాయానికి ఎవరు వైద్యం చేయిస్తారు, ఎవరి డాక్టర్ మాట చెల్లుతుంది అన్నదీ ఉండాలి.

చదువు క్లాజు పెట్టించండి: వారానికి 10 గంటలు, ట్యూటర్ జీతం అకాడమీది, పరీక్షల వారం ప్రాక్టీసు సగం. ఒప్పుకోకపోతే వాళ్ల మనసులో చదువుకు ఎంత చోటుందో తెలిసిపోతుంది.

అమెరికా కాలేజీల్లో స్కాలర్‌షిప్ మీద ఆడే దారి తెరిచి ఉంచాలనుకుంటే ఇంకో చిక్కు. ప్రైజ్‌మనీ తీసుకోవడం, ఏజెంట్‌తో ఒప్పందం చేసుకోవడం అక్కడి అర్హతను దెబ్బతీయవచ్చు. 2021 నుంచి పేరూ ఫొటోల మీద సంపాదనకు అనుమతి వచ్చింది, మిగతావీ మారుతున్నాయి. మొదటి చెక్కు తీసుకునేముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి, తర్వాత అడిగితే లాభం లేదు. అక్కడ హైస్కూల్ సబ్జెక్టులూ మార్కులూ కూడా చూస్తారు కాబట్టి బడి మాని ప్రైజ్‌మనీకి ఆడడం ఆ దారిని రెండు వైపులా మూయవచ్చు.

లెఫ్ట్‌వింగ్

ఇది చదివే ఫుట్‌బాల్ తల్లిదండ్రులకు చిన్న మాట. 18 లోపు వేరే దేశం క్లబ్బుకు రిజిస్ట్రేషన్ ఫిఫా కొన్ని మినహాయింపుల్లో తప్ప ఒప్పుకోదు. జపాన్ ఆటగాడు టకెఫూసా కుబో పసివాడిగా బార్సిలోనా అకాడమీలో చేరి, ఈ నియమం వల్ల మ్యాచ్‌లు ఆడలేక 2015లో స్వదేశానికి తిరిగి వెళ్లాడు. అంత పెద్ద క్లబ్బులోనే అలా జరిగింది. "విదేశీ క్లబ్బు పిలుస్తోంది, బడి మానిపించండి" అనే ఏజెంటు మాటకు ముందు ఏ మినహాయింపు కింద రిజిస్టర్ చేస్తారో అడగండి.

జిమ్నాస్టిక్స్, స్కేటింగ్ వేరు, అక్కడ చిన్నవయసులోనే శిఖరానికి చేరతారని వాదించేవాళ్లు ఉన్నారు. నియమాలు ఆ వాదన నుంచి దూరంగానే జరుగుతున్నాయి. మహిళా జిమ్నాస్టిక్స్‌లో సీనియర్ కనీస వయసు 1997 నుంచి 16. ఫిగర్ స్కేటింగ్‌లో 15గా ఉన్నదాన్ని 2024–25 సీజన్‌కు 17 చేశారు.

రెండోసర్వ్

నెలాఖరు గడువు గురించి. 14 వారాల్లో సెలవులు తీసేస్తే బడి వారాలు ఎన్ని పోతాయో లెక్కపెట్టండి. ఎనిమిది లోపు వస్తే, పైన మూడోబెంచీ గారు చెప్పిన ప్రకారం ఇప్పటి బడితోనే నడుస్తుంది.

అకాడమీని రెండు అడగండి. ఒకటి, వచ్చే సెలవుల్లో ఆరు వారాలు పూర్తిస్థాయి శిక్షణ, సంతకం లేకుండా. శరీరం, నిద్ర, ఆట ఎలా ఉన్నాయో చూశాకే మిగతా మాట. రెండు, ఐదేళ్ల కిందట చేరిన బ్యాచ్ మొత్తం జాబితా, ఇప్పుడు ఎవరెక్కడ ఉన్నారో సహా. గోడమీద ఫొటోలున్న ఇద్దరిది కాదు, అందరిదీ. పేర్లు లేకపోయినా ఫర్వాలేదు. ఎంతమంది ఆడుతున్నారు, ఎంతమంది గాయాలతో ఆపారు, ఆపినవాళ్లలో ఎంతమంది చదువు పూర్తిచేశారు, అంతే.

ఇంకో సంగతి, 14 లోపు టైటిళ్లు చూసి మాత్రం నిర్ణయించకండి. ఆ వయసులో తొందరగా ఎదిగినవాళ్లు, ఏడాది మొదట్లో పుట్టి తమ విభాగంలో కొన్ని నెలలు పెద్దవాళ్లయినవాళ్లు గెలుస్తుంటారు. తనకన్నా రెండు మూడేళ్లు పెద్దవాళ్ల మీద ఆడిన చివరి 30 మ్యాచ్‌ల స్కోర్లు రాసి పెట్టండి. గెలుపులు తక్కువున్నా సెట్లు 6-4, 7-5లా పోతున్నాయంటే ఆట ఉన్నట్టే. 6-1, 6-2 వరుసగా కనిపిస్తుంటే ఇంకో ఏడాది జూనియర్ సర్క్యూటే సరైనది, ఆ ఏడాదికి బడి మానే పనే లేదు.