చవక కొత్తదా, ఆఫీసుల నుంచి వచ్చిన పాతదా? ఇంటిల్లిపాదికీ ఒకే ల్యాప్‌టాప్

నలుగురికి_ఒకటి:
మా ల్యాప్‌టాప్ పని దాదాపు అయిపోయిందండీ. ఇంటెల్ ఏడో తరం ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, లోపల ఇంకా పాత హార్డ్ డిస్కే. బటన్ నొక్కి స్నానం చేసి వచ్చేసరికి తెర మీద ఏదో కనిపిస్తుంది. ఎడమ పక్క హింజ్, అంటే మూత తిరిగే కీలు, విరిగింది. మూత ఎత్తితే కీబోర్డు పక్కన ప్లాస్టిక్ కూడా నోరు తెరుస్తోంది. కాగితాలకు పెట్టే నల్ల క్లిప్పు ఒకటి బిగించి నెట్టుకొస్తున్నాం. దానికి తోడు విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ముగిసింది, విండోస్ 11కి ఈ ప్రాసెసర్ పనికిరాదంటోంది.

వాడేది నలుగురం. మా ఆవిడ రాత్రిపూట లెక్కల పని చేస్తుంది, పెద్ద పెద్ద ఎక్సెల్ ఫైళ్లు, వాటిలో మాక్రోలు (బటన్ నొక్కితే పని దానంతటదే జరిగేలా రాసిపెట్టుకున్నవి). నాకు వీడియో కాల్స్, బిల్లులు. పెద్దవాడికి కోడింగ్, ప్రాజెక్టులు. చిన్నదానికి క్లాసులు, బొమ్మలు. దాన్ని కూర్చుని బాగుచేసే తీరిక మాత్రం ఎవరికీ లేదు.

రెండు చూసి పెట్టాను, ధర ఇంచుమించు ఒకటే. ఒకటి సరికొత్తది: రైజెన్ 5 7520యూ, 8 జీబీ, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు వచ్చే వేగమైన స్టోరేజీ), ఏడాది వారంటీ. రెండోది కంపెనీలో వాడి వదిలేసిన డెల్ లాటిట్యూడ్ 5420: పదకొండో తరం ఐ5, 16 జీబీ, 256 ఎస్‌ఎస్‌డీ, అమ్మేవాడి వారంటీ ఆరు నెలలు. ఏది కొనమంటారు?

స్క్రూడ్రైవర్:
రెండోది. ఇందులో చర్చ ఏముందన్నా.

ఆ 7520యూలో మొదటి అంకె 7 చూసి కొత్తదనుకుంటారు. అది మోడల్ ఏడాది లెక్క మాత్రమే. లోపల ఏ తరం కోర్ ఉందో చెప్పేది మూడో అంకె. అక్కడ 2 ఉందంటే జెన్ 2, అంటే 2019లో మొదలైన డిజైన్. అదే 7530యూ అయితే జెన్ 3. ఒక్క అంకెలో అంత తేడా. ఈ నంబర్ల పద్ధతి రైజెన్ తయారుచేసే ఏఎమ్‌డీ వాళ్లే పెట్టారు, కానీ బాక్స్ మీద ఎవరూ విడమరిచి చెప్పరు.

అసలు దెబ్బ ర్యామ్ దగ్గర. ఆ చిప్‌తో వచ్చేవాటిలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది. 8 అంటే చచ్చేదాకా 8. అందులోంచి గ్రాఫిక్స్ కూడా తన వాటా తీసుకుంటుంది. లాటిట్యూడ్‌లో రెండు స్లాట్లు ఉన్నాయి, రేపు 32 కావాలన్నా వేసుకోవచ్చు. ఎస్‌ఎస్‌డీ కూడా కింది కవరు విప్పితే మార్చుకోవచ్చు. విడదీసే పద్ధతి బొమ్మలతో సహా డెల్ సైట్‌లోనే ఉచితంగా దొరుకుతుంది.

వారంటీ_వాది:
"ఇందులో చర్చ ఏముంది" అన్నారు కదా, నేను చెప్తాను ఏముందో.

నేనూ ఇలాగే ఎగబడి కొన్నాను. పైకి అద్దంలా ఉంది. రెండో వారానికి బ్యాటరీ నలభై శాతం చూపిస్తూ చూపిస్తూనే ఠక్కున ఆగిపోయేది. సర్లే అని చార్జర్ పెట్టే వాడాం. ఏడో నెలలో బోర్డు పోయింది. ఆరు నెలల వారంటీ, ఏడో నెలలో చావు. అమ్మినాయన ఫోన్ ఎత్తడం మానేశాడు. ఆ వారం ఇంట్లో జరిగిన గొడవ ఎవరు భరించారు? నేనే.

బిజీ కుటుంబం అని ఆయనే రాశారు చూడండి. వాళ్లకు తక్కువగా ఉన్నది డబ్బు కాదు, టైమ్. మీకు స్క్రూలు తిప్పడం సరదా, ఆయనకు అది ఆదివారం పోగొట్టుకోవడం. కొత్తది కొంటే పాడైనప్పుడు ఫోన్ చేస్తే చాలు, ఎవడో ఒకడు వచ్చి చూస్తాడు.

స్క్రూడ్రైవర్:
మీకు జరిగింది అన్యాయమే, కాదనను. కానీ కొనేముందు బ్యాటరీ రిపోర్ట్ తీశారా? విండోస్‌లో ఒక్క కమాండ్ కొడితే వెబ్ పేజీలా తెరుచుకుంటుంది. అందులో రెండు అంకెలు చూడాలి. తయారైనప్పటి కెపాసిటీ, ఇప్పుడు నిండుగా చార్జ్ చేస్తే పట్టే కెపాసిటీ. రెండోది మొదటిదానిలో సగానికి దగ్గరగా ఉంటే ఆ బ్యాటరీ మీద ఆశ వదులుకోవాలి. అమ్మేవాళ్లు "బ్యాటరీ హెల్త్ సూపర్" అంటారు, ఈ పేజీ తెరవమంటే మాత్రం నసుగుతారు.

ఇంకోటి. కొత్తగా విండోస్ సెటప్ చేస్తూ నెట్‌కు కలిపినప్పుడు ఏదో కంపెనీ పేరు కనిపించి ఆఫీసు మెయిల్ అడిగితే, అక్కడే వెనక్కి ఇచ్చేయండి. ఆ కంపెనీ తన లిస్టులోంచి దాన్ని తీసేయలేదని అర్థం. బయాస్‌కు (విండోస్ కన్నా ముందు లేచే సెట్టింగులకు) పాస్‌వర్డ్ ఉన్నా అంతే. అన్నీ కలిపి పావుగంట పని.

వారంటీ_వాది:
పావుగంట మీకు. ఆయనకు బయాస్ అంటే ఏంటో మనం ఇక్కడ ఇంకో పేజీ రాయాలి.

పాతదే_ముద్దు:
ఇద్దరూ కొనమనే అంటున్నారు. ఉన్నదానికి ఏమైందసలు?

హార్డ్ డిస్క్ తీసేసి సాటా ఎస్‌ఎస్‌డీ వేయండి, బటన్ నొక్కాక స్నానానికి వెళ్లే టైమ్ ఉండదు. నేను ఇదే తరం మెషిన్‌కు వేశాను, అదే ల్యాప్‌టాపా అని ఇంట్లో వాళ్లు అడిగారు. ప్రాసెసర్ పాతదని తిడతాం కానీ నిజంగా నెమ్మదిగా ఉన్నది డిస్కు. హింజ్‌కు పై కవరు మార్పించండి. విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత సిస్టమ్ వేయండి. వచ్చే ఖర్చు కొత్తదాని ముందు లెక్కలోకి రాదు.

నలుగురికి_ఒకటి:
మింట్ గురించి మా ఆవిడను అడిగాను. "నా మాక్రోలు పనిచేస్తాయా?" అంది. అందులో ఎక్సెల్ బదులు వాడే లిబ్రే ఆఫీస్‌లో ఒక ఫైల్ తెరిచి చూపించాం, బటన్లు ఉన్నాయి, నొక్కితే ఎర్రర్ వచ్చింది. ఆ మాట అక్కడితో సరి.

పాతదే_ముద్దు:
సరే, మాక్రోలుంటే నేనూ వాదించను. విండోస్ 10కి డబ్బు కట్టో, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తోనో ఇళ్లకు ఇచ్చే అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లున్నా, ఎప్పుడో ఒకప్పుడు ఆగిపోయే దాన్ని నమ్ముకుని లెక్కల ఫైళ్లు పెట్టమని చెప్పను. కానీ ఆ మెషిన్‌ను పారేయకండి, పిల్లలకు పనికొస్తుంది.

పండు_పార్టీ:
ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేనే ఎత్తుతా. 2020 చివర్లో వచ్చిన ఎమ్1 మ్యాక్‌బుక్ ఎయిర్ సెకండ్ హ్యాండ్‌లో చూడండి. ఫ్యాన్ లేదు, చప్పుడు లేదు, బ్యాటరీ రోజంతా వస్తుంది.

స్క్రూడ్రైవర్:
మెషిన్ మంచిదే, ఒప్పుకుంటా. కానీ ర్యామ్ మార్చలేం, స్టోరేజీ బోర్డు మీదే. ఇంట్లో చిన్నపిల్ల ఉందంటున్నారు, కీబోర్డు మీద గ్లాసు నీళ్లు ఒలికితే బోర్డుతో పాటు ఫొటోలు కూడా పోతాయి. ఎక్సెల్ మ్యాక్‌లో ఉంది గానీ, విండోస్‌ను నమ్ముకుని రాసిన మాక్రోలు అన్నీ అక్కడ నడవవు. క్రోమ్‌బుక్ అనే లోపు అదీ చెప్పేస్తా. పిల్లలకు బ్రహ్మాండం, 2021 నుంచి వచ్చిన మోడళ్లకు పదేళ్ల అప్‌డేట్లు. కానీ పూర్తి ఎక్సెల్ అందులో ఎక్కదు.

రాత్రి_పదకొండు:
ఇంతమంది రాశారు గానీ ఒక్కరూ అడగలేదు: సాయంత్రం ఏడింటికి ఆ ల్యాప్‌టాప్ ఎవరి చేతిలో ఉంటుంది?

మా ఇంట్లో ఇదే తంతు. ఏడింటికి క్లాసు, ఏడున్నరకు నా కాల్, ఎనిమిదికి ఆయన. ప్రాసెసర్ ఏదైనా క్యూ క్యూనే. నా ట్యాబులు పాప మూసేసింది, పాప బొమ్మ నేను సేవ్ చేయకుండా రీస్టార్ట్ కొట్టాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు అది. మేం చేసిన మంచి పని ఒక్కటే, ఒక్కొక్కరికీ విడి యూజర్ అకౌంట్. అడ్మిన్ ఒకరికే. పిల్లలు ఏదైనా ఇన్‌స్టాల్ చేయాలంటే పాస్‌వర్డ్ అడుగుతుంది, దాంతో సగం వైరస్‌లు గుమ్మం బయటే ఆగిపోయాయి.

అయితే విడి అకౌంట్లు పెట్టాక 8 జీబీ ఎంతలో అయిపోతుందో కూడా చూశాం. ఆయన సైన్ అవుట్ చేయకుండా మూత మూసేస్తారు, ఆయన బ్రౌజర్ వెనకాల నడుస్తూనే ఉంటుంది. టాస్క్ మేనేజర్ తెరిస్తే నేను ఏమీ తెరవకముందే సగానికి పైగా నిండి ఉంది. నా కాల్, పది ట్యాబులు, ఎక్సెల్ తెరిస్తే మౌస్ కూడా ఆలోచించి కదులుతుంది. ఒక్కరే వాడే మెషిన్‌కు 8 చాలేమో గానీ నలుగురు వంతులు వేసుకునే దానికి చాలదు. ఈ ఒక్క కారణానికి ఆ కొత్తది వద్దంటాను.

వారంటీ_వాది:
రాత్రి పదకొండు గారు చెప్పిన ర్యామ్ మాట కరెక్టే. అయితే నా మాట కొంచెం మార్చుకుంటాను. ఆ కొత్తది కాకుండా ఇంకో కొత్తది. ఒక ర్యామ్ స్లాట్ ఖాళీగా ఉన్న మోడళ్లు ఆ రేంజ్‌లోనూ ఉంటాయి, వెతకాలి. పన్నెండో తరం ఐ3 అయినా చాలు. నంబర్‌లో 1215 అని ఉంటే మొదటి రెండంకెలే తరం. డబ్బా కొత్తదవడం నాకు ముఖ్యం.

స్క్రూడ్రైవర్:
హా, ఇప్పుడు దారికొచ్చారు. స్లాట్ ఉన్న కొత్తదానికి నేను వ్యతిరేకిని కాదు. కానీ హింజ్ మాట ఎవరూ ఎత్తడం లేదు. ఆయన పాతదానికి పోయింది ప్రాసెసర్ కాదు, హింజ్! చవక మోడళ్లలో హింజ్ స్క్రూలు దిగేది ప్లాస్టిక్‌లో పొదిగిన చిన్న ఇత్తడి గింజల్లోకి. నలుగురు రోజుకు ఇరవైసార్లు ఒక మూల పట్టుకుని మూత లాగితే ఆ గింజ ప్లాస్టిక్‌తో సహా ఊడొస్తుంది. అది వారంటీలో రాదు, "మీరు పగలగొట్టారు" అంటారు. ఆఫీసు మోడళ్లు రోజంతా బ్యాగుల్లో తిరగడానికే చేసినవి.

వారంటీ_వాది:
అది నిజమే. మా అబ్బాయి దానికీ ఎడమ వైపే పోయింది. అందరూ ఎడమ వైపే ఎందుకు పట్టుకుంటారో.

రాత్రి_పదకొండు:
కుడిచేతిలో ఫోన్ ఉంటుంది కాబట్టి.

స్క్రూడ్రైవర్:
😄

నలుగురికి_ఒకటి గారూ, చూడ్డానికి వెళ్తే తెర కూడా గమనించండి. అదే 5420 పేరుతో 1366x768 ప్యానెల్‌తోనూ వచ్చింది, ఫుల్ హెచ్‌డీతోనూ వచ్చింది. మొదటిదైతే ఎక్సెల్‌లో నాలుగు నిలువు వరుసలు తగ్గినట్టుంటుంది, మీ ఆవిడ నన్ను తిడతారు. చార్జర్ టైప్-సీ పోర్టులో పనిచేస్తోందా, రెండు పోర్టుల్లోనూ గుచ్చి చూడండి. టైప్-సీ అయితే ఒక చార్జర్ పోయినా ఇల్లంతా వెతుక్కోనక్కర్లేదు, 65 వాట్లది ఏ మంచి కంపెనీదైనా సరిపోతుంది.

నలుగురికి_ఒకటి:
వెళ్లొచ్చాను. పెద్దవాణ్ని కూడా తీసుకెళ్లాను, కమాండ్ కొట్టింది వాడే.

బ్యాటరీ తయారైనప్పుడు 63 వాట్-అవర్లు, ఇప్పుడు 47. అంటే నాలుగింట మూడొంతులు. తెర ఫుల్ హెచ్‌డీనే. కానీ రెండు టైప్-సీ పోర్టుల్లో ఒకటి వదులుగా ఉంది, కేబుల్ కదిలిస్తే చార్జింగ్ ఆగుతోంది. అది చూపించగానే అమ్మేఆయన "మీరు టెక్నీషియనా?" అన్నాడు. ఇంకో మెషిన్ తెచ్చాడు. దానికి పోర్టులు గట్టిగా ఉన్నాయి, కానీ సెటప్‌లో ఒక కంపెనీ పేరు వచ్చింది. మూడోది తెచ్చాడు. మూడోదే తీసుకున్నాం. బ్యాటరీ మొదటిదాని కన్నా కొంచెం తక్కువే పట్టుతోంది, బోర్డు మీద మాత్రం ఇంకో ఆరు నెలలు కలిపి ఏడాది వారంటీ బిల్లు మీద రాయించాను. అడిగితే రాశాడు, అడక్కపోతే ఆరే.

ఎక్సెల్ మాక్రోలు నడిచాయి. నాలుగు అకౌంట్లు పెట్టాం. అడ్మిన్ పాస్‌వర్డ్ మా ఆవిడ దగ్గరే ఉంది, నాకు కూడా చెప్పలేదు.

వారంటీ_వాది:
మూడు మెషిన్లు చూస్తే గానీ ఒకటి దొరకలేదు. పావుగంట పని అన్నారు, ఎంతసేపు పట్టింది?

నలుగురికి_ఒకటి:
రెండున్నర గంటలు.

వారంటీ_వాది:
అదే నేనన్నది. సరే, బాగుంటే మంచిదే. ఏడో నెలలో ఒకసారి ఇక్కడికొచ్చి ఎలా ఉందో రాయండి. మంచైనా చెడైనా రాయండి.

నలుగురికి_ఒకటి:
రాస్తానండీ. పాతదానికి ఎస్‌ఎస్‌డీ వేసి మింట్ ఎక్కించాం, చిన్నదానిదే ఇప్పుడది. నల్ల క్లిప్పు తీసేద్దామంటే ఒప్పుకోవట్లేదు, దాని మీద ఏదో స్టిక్కర్ అతికించుకుంది.