గ్రిడ్‌కి కట్టిన 5 కిలోవాట్ల సోలార్‌కి బ్యాటరీ చేర్చాలి: పాత ఇన్వర్టర్ ఉంచాలా, మార్చాలా?

ఎండపొద్దు:

ఇంటి మీద 540 వాట్ల ప్యానెల్స్ 10 ఉన్నాయి. పదీ ఒకదాని వెనుక ఒకటిగా కలిపిన ఒకే స్ట్రింగ్. ఒక్కో ప్యానెల్ ఓపెన్ సర్క్యూట్ (లోడు లేనప్పటి) ఓల్టేజి 49.5. కింద 5 కిలోవాట్ల సింగిల్ ఫేజ్ గ్రిడ్-టై ఇన్వర్టర్, నెట్ మీటరు (గ్రిడ్‌కి ఇచ్చిందీ తీసుకున్నదీ రెండూ లెక్కించేది). బ్యాటరీ లేదు. అందుకే కరెంటు పోతే ఎర్రటి ఎండలో కూడా సోలార్ ఆగిపోతుంది. కోతలు మామూలుగా 2 నుంచి 6 గంటలు.

కరెంటు లేనప్పుడు నడవాల్సినవి: ఫ్రిజ్, 4 ఫ్యాన్లు, 8 ఎల్ఈడీ లైట్లు, టీవీ, రౌటర్. కుదిరితే 1 హెచ్‌పీ మోటారు. అడగదలుచుకున్నవి మూడు.

1. పాత ఇన్వర్టర్ ఉంచి బ్యాటరీ కలపవచ్చా, లేక హైబ్రిడ్‌కి (ప్యానెల్స్, బ్యాటరీ, గ్రిడ్ మూడింటినీ ఒకటే నడిపే ఇన్వర్టర్‌కి) మారాలా?
2. బ్యాటరీ ఎంత కావాలి?
3. 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీతో మామూలు హోం ఇన్వర్టర్ ఒకటి ఇంట్లో ఉంది. దాని అవుట్‌పుట్‌ని సోలార్ ఇన్వర్టర్‌కి ఇస్తే గ్రిడ్ ఉందనుకుని పనిచేయదా?

ఓల్టుమీటరు:

మూడోదానికి ముందు జవాబు: దయచేసి ఆ పని చేయకండి. హోం ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్‌ది అయితే సోలార్ ఇన్వర్టర్ దాన్ని గ్రిడ్‌గా ఒప్పుకోదు, అక్కడితో సరి. ప్యూర్ సైన్ వేవ్‌ది అయితేనే అసలు ప్రమాదం, ఎందుకంటే సోలార్ ఇన్వర్టర్ నమ్మి స్టార్టవుతుంది. ఇంట్లో లోడు 400 వాట్లు ఉండి ప్యానెల్స్ నుంచి 4 కిలోవాట్లు వస్తుంటే మిగిలిన 3,600 వాట్లకు పోయే దారి లేదు. అది హోం ఇన్వర్టర్‌లోకి వెనక్కి తోసుకొస్తుంది. ఆ యంత్రం కరెంటు ఇవ్వడానికే గానీ, అవుట్‌పుట్ వైపు నుంచి తీసుకోవడానికి తయారైంది కాదు. ఓల్టేజి ఎగబాకి ముందు మాస్‌ఫెట్లు (కరెంటును వేగంగా ఆన్, ఆఫ్ చేసే లోపలి భాగాలు) పోతాయి, అదే లైను మీదున్న టీవీ, ఫ్రిజ్ బోర్డులు కూడా పోవచ్చు. డీజిల్ జనరేటర్‌కి సోలార్ ఇన్వర్టర్ నేరుగా కలపకూడదనేది కూడా ఇందుకే.

ఇక మొదటి ప్రశ్న. దారులు రెండు.

ఏసీ కప్లింగ్: పాత ఇన్వర్టర్ అలాగే ఉంటుంది. రెండు వైపులా కరెంటు నడవగల బ్యాటరీ ఇన్వర్టర్ ఒకటి కొత్తగా వస్తుంది. దాని బ్యాకప్ అవుట్‌పుట్ మీద పాత ఇన్వర్టర్‌ని కలుపుతారు. గ్రిడ్ పోగానే బ్యాటరీ ఇన్వర్టరే గ్రిడ్ పాత్ర పోషిస్తుంది. బ్యాటరీ నిండాక సోలార్‌ని తగ్గించడానికి దాని చేతిలో ఉన్న సాధనం ఫ్రీక్వెన్సీ ఒక్కటే. 50 హెర్ట్జ్ నుంచి మెల్లగా 51 దాకా, అవసరమైతే ఇంకా పైకి పెంచుతుంది. పాత ఇన్వర్టర్ దాన్ని చూసి ఉత్పత్తి తగ్గించుకోవాలి. ఆ సెట్టింగ్ లేని పాత మోడల్ అయితే తగ్గించుకోదు, ఒక్కసారిగా ట్రిప్ అవుతుంది, తర్వాత 1 నుంచి 5 నిమిషాలు ఆగి మళ్లీ వస్తుంది. కోత ఉన్నంతసేపూ ఇదే వరస. కాబట్టి కొనేముందు మీ ఇన్వర్టర్ మాన్యువల్‌లో ఫ్రీక్వెన్సీ పెరిగితే పవర్ తగ్గించే సదుపాయం ఉందో లేదో చూడండి.

ఇంకో షరతు కూడా ఉంది. బ్యాటరీ ఇన్వర్టర్ సామర్థ్యం సోలార్ ఇన్వర్టర్ కంటే తక్కువ కాకూడదు. మీకు 5 కిలోవాట్లు సోలార్ అంటే అక్కడా కనీసం 5 కిలోవాట్లు.

డీసీ కప్లింగ్: పాతది తీసేసి హైబ్రిడ్ పెట్టడం. ప్యానెల్స్ నేరుగా దానికే వస్తాయి. ఒకే యంత్రం కాబట్టి ఫ్రీక్వెన్సీ ఆట అక్కర్లేదు, నష్టమూ తక్కువ. కానీ మీ పది ప్యానెల్స్ స్ట్రింగ్‌ని ఉన్నదున్నట్టు తగిలించకండి. 10 × 49.5 అంటే 495 ఓల్టులు, అది ప్యానెల్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటి లెక్క. తెల్లవారుజామున 5 డిగ్రీలుంటే, డిగ్రీకి 0.27 శాతం చొప్పున పెరిగి 522 అవుతుంది. 48 ఓల్టుల బ్యాటరీతో నడిచే హైబ్రిడ్లలో చాలావాటికి ప్యానెల్ ఇన్‌పుట్ గరిష్ఠం 500. దాటితే ఇన్‌పుట్ భాగం కాలిపోవచ్చు, వారంటీ వర్తించదు. 5+5గా విడదీసి రెండు ఎంపీపీటీలకు (ప్యానెల్స్ నుంచి గరిష్ఠ పవర్ రాబట్టే ఇన్‌పుట్‌లకు) ఇవ్వండి. ఒక్కోటి 248 ఓల్టులు, చలిలో 261. ఎండాకాలం మధ్యాహ్నం పనిచేసే ఓల్టేజి 180 దాకా దిగినా ఎంపీపీటీ పట్టుకోగలదు. రెండు స్ట్రింగులనూ పారలల్ చేసి ఒకే ఇన్‌పుట్‌కి మాత్రం ఇవ్వకండి. ఈ ప్యానెల్స్ ఒక్కోటి 13 ఆంపియర్లు ఇస్తాయి, రెండు కలిస్తే 26. చాలా ఇన్‌పుట్‌లు అంత తీసుకోవు.

స్ట్రింగ్ విడదీయడమంటే పైనుంచి ఇంకో జత 4 స్క్వేర్ ఎంఎం సోలార్ కేబుల్ దించాలి. ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి.

భూమితీగ:

బ్యాటరీ లెక్క నేను వేస్తాను. మీ కోతలు 6 గంటలే అయినా, రాత్రంతా పోయినా సరిపోయేలా, సాయంత్రం నుంచి పొద్దున దాకా, సుమారు 12 గంటలకు:

మామూలు ఫ్యాన్లు 4 × 75 వాట్లు × 10 గంటలు = 3 యూనిట్లు
ఫ్రిజ్ 0.6
లైట్లు 8 × 9 వాట్లు × 5 గంటలు = 0.36
టీవీ 0.32
రౌటర్ 0.12
హైబ్రిడ్ ఇన్వర్టర్ తనకోసం తినేది 50 వాట్లు × 12 = 0.6

మొత్తం 5 యూనిట్లు. ఆఖరి వరసను చాలామంది మర్చిపోతారు. ఏ లోడూ లేకపోయినా ఆ 50 వాట్లు పోతూనే ఉంటాయి.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 90 శాతం వాడి, ఇన్వర్టర్ నష్టం 7 శాతం అనుకుంటే 5 ÷ 0.84 = దాదాపు 6 యూనిట్లు. 51.2 ఓల్టులు, 100 ఏహెచ్ మాడ్యూల్ ఒకటి 5.12 యూనిట్లు. అంటే ఒకటి చాలదు, రెండు ఎక్కువ. ఇక్కడే ఫ్యాన్ల సంగతి చూడండి. నాలుగూ 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు అయితే 3 యూనిట్లు కాస్తా 1.2 అవుతుంది, మొత్తం 3.2. అప్పుడు కావలసింది 3.8 యూనిట్లు, ఒక్క మాడ్యూల్ హాయిగా సరిపోతుంది. నాలుగు ఫ్యాన్లు మార్చడం, ఇంకో బ్యాటరీ కొనడం, ఈ రెంటిలో ఏది చవకో మీరే చూసుకోండి. ఏ ఇంట్లోనైనా బ్యాటరీ కొనేముందు చేయాల్సిన మొదటి లెక్క ఇదే అని నా గట్టి నమ్మకం.

ఓల్టుమీటరు గారు చెప్పిన రెండు దారులకూ దీనికీ సంబంధం ఉంది. ఏసీ కప్లింగ్‌లో కరెంటు లేనప్పుడు లోడు హఠాత్తుగా ఆగితే, ఫ్రీక్వెన్సీ పెరిగి సోలార్ తగ్గేలోపు ఆ 5 కిలోవాట్లూ బ్యాటరీలోకే పోవాలి. 52 ఓల్టుల దగ్గర అది 96 ఆంపియర్లు. 100 ఏహెచ్ మాడ్యూల్‌కి చాలా కంపెనీలు సిఫారసు చేసే ఛార్జింగ్ 50 ఆంపియర్లు. బీఎంఎస్ (బ్యాటరీ లోపల దానికి కాపలా కాసే బోర్డు) కట్ చేయవచ్చు, దాంతో ఇల్లంతా చీకటి. అందుచేత ఏసీ కప్లింగ్ అయితే ఫ్యాన్లు మార్చినా మార్చకపోయినా రెండు మాడ్యూళ్లు తప్పవు. హైబ్రిడ్ అయితే ఎంపీపీటీయే వెంటనే తగ్గిస్తుంది, ఒకటితో మొదలుపెట్టవచ్చు.

మోటారు: 1 హెచ్‌పీ అంటే నడిచేటప్పుడు 1 కిలోవాట్ పైచిలుకు, స్టార్టింగ్‌లో దానికి 4 నుంచి 6 రెట్లు. ఒక్క మాడ్యూల్ మీద రాత్రిపూట స్టార్ట్ చేస్తే బీఎంఎస్ ట్రిప్ అయ్యే అవకాశం ఉంది. ఎండ ఉన్నప్పుడే వేసుకోండి.

పాత ట్యూబులర్‌ని లిథియంతో పారలల్ చేయాలన్న ఆలోచన ఉంటే మానుకోండి. రెంటి ఛార్జింగ్ ఓల్టేజిలు వేరు, ఒకటి ఎప్పుడూ రెండోదాన్ని ఖాళీ చేస్తుంటుంది. ఆ హోం ఇన్వర్టర్ విడిగా రెండు గదులకు నడుస్తుంటే అలాగే నడవనివ్వండి.

ఎండపొద్దు:

ఇద్దరికీ ధన్యవాదాలండి. ఫ్యాన్లు మార్చి, హైబ్రిడ్, ఒక మాడ్యూల్ అనుకుంటున్నాను. బ్యాటరీ నుంచి ఇన్వర్టర్‌కి ఏ కేబుల్, ఏ ఫ్యూజు? బ్యాకప్ లోడ్లకి వేరే బోర్డు తప్పదా?

మూడోపిన్ను:

కేబుల్: 5 కిలోవాట్లు లాగేటప్పుడు బ్యాటరీ 48 ఓల్టులకు దిగి, ఇన్వర్టర్ ఎఫిషియెన్సీ 93 శాతం ఉంటే 112 ఆంపియర్లు. 35 స్క్వేర్ ఎంఎం ఫ్లెక్సిబుల్ రాగి, పొడవు 2 మీటర్లు దాటకుండా. ఫ్యూజు 112కి 1.25 రెట్లు, అంటే 140; ఆపైన దొరికే సైజు 150 లేదా 160. బ్యాటరీ పాజిటివ్‌కి వీలైనంత దగ్గర.

సైజు కంటే ఫ్యూజు రకం ముఖ్యం. లిథియం మాడ్యూల్ షార్టయితే కొన్ని వేల ఆంపియర్లు వస్తాయి. కార్లలో వాడే రకం ఫ్యూజు ఆ కరెంటును ఆపలేక లోపల ఆర్క్ నిలిచిపోవచ్చు. క్లాస్ టి గానీ, డీసీ రేటింగ్ రాసి ఉన్న హెచ్‌ఆర్‌సీ గానీ పెట్టండి. ఏసీ ఎంసీబీ అసలు వద్దు. ఏసీ కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకి వస్తుంది, ఆర్క్ దానంతట అదే ఆరుతుంది. డీసీకి ఆ సున్నా లేదు. డీసీ ఎంసీబీ కొన్నా దాని మీద + − గుర్తులున్నాయేమో చూడండి. ఉంటే అది ఒక దిశకే పనికొచ్చేది. బ్యాటరీలో ఛార్జింగ్‌కి ఒకవైపు, డిశ్చార్జికి మరోవైపు కరెంటు నడుస్తుంది కాబట్టి నాన్-పోలరైజ్డ్ రకమే కావాలి.

లగ్గులు (కేబుల్ చివర తొడిగే రాగి టోపీలు) సుత్తితో కొట్టి బిగించేవి కాదు, హైడ్రాలిక్ క్రింపర్‌తో నొక్కాలి. ఒక జాయింట్‌లో 1 మిల్లీఓమ్ నిరోధం ఉన్నా 100 ఆంపియర్ల దగ్గర 10 వాట్ల వేడి. ఫుల్ లోడులో ఒక గంట నడిపి ప్రతి లగ్గునీ ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూడండి. పక్కవాటికంటే 10 డిగ్రీలు వేడిగా ఉన్నది విప్పి మళ్లీ చేయాల్సిందే.

మొదటిసారి బ్యాటరీ తగిలించేటప్పుడు టపీమని నిప్పురవ్వ వస్తుంది. ఇన్వర్టర్ లోపలి కెపాసిటర్లు ఖాళీగా ఉండటమే కారణం. బీఎంఎస్‌లో ప్రీఛార్జి లేకపోతే 50 ఓమ్‌ల, 50 వాట్ల రెసిస్టర్ ద్వారా 5 నుంచి 10 సెకన్లు తగిలించి, ఆ తర్వాత అసలు కనెక్షన్ ఇవ్వండి.

బ్యాకప్ బోర్డు తప్పదు. ఇక్కడ జరిగే తప్పు ఎప్పుడూ ఒకటే: ఫేజులు విడదీసి న్యూట్రల్‌ని పాత బోర్డులోనే ఉమ్మడిగా వదిలేస్తారు. గ్రిడ్ ఉన్నప్పుడు ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే తెంచే స్విచ్) ఊరికే ట్రిప్ అవుతుంది. గ్రిడ్ పోతే హైబ్రిడ్ న్యూట్రల్‌ని కూడా తెంచుతుంది కాబట్టి ఆ లోడ్లకు తిరుగుదారే ఉండదు. బ్యాకప్ సర్క్యూట్ల న్యూట్రల్స్ అన్నీ బ్యాకప్ న్యూట్రల్ బార్‌కే రావాలి. పాత ఇళ్లలో రెండు గదులకు ఒకే న్యూట్రల్ లాగి ఉంటుంది. ఒక్కోదాన్ని విప్పి కంటిన్యుటీ చూసుకుంటే తప్ప అది బయటపడదు.

రెండోది, న్యూట్రల్-ఎర్త్ బంధం. గ్రిడ్ ఉన్నప్పుడు అది బయటి వ్యవస్థలో ఉంటుంది. గ్రిడ్‌తో తెగిపోయాక ఇన్వర్టర్ తన రిలేతో న్యూట్రల్‌ని ఎర్త్‌కి కలపాలి. కలపకపోతే ఫేజు ఫ్రిజ్ బాడీకి తగిలినా ఆర్‌సీసీబీ ట్రిప్ కాదు. మెయిన్ ఆపి, బ్యాకప్ బోర్డులో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఓల్టేజి కొలవండి. సున్నాకి దగ్గరగా ఉండాలి. 80, 110 లాంటివి కనిపిస్తే బంధం లేనట్టే, మెనూలో ఆ రిలే సెట్టింగ్ ఆన్ చేయాలి. ఆర్‌సీసీబీ మీది టెస్ట్ బటన్ నొక్కి సరిపెట్టుకోకండి. ఆ బటన్ ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్యే రెసిస్టర్ కలుపుతుంది, కాబట్టి ఎర్త్ బంధం లేకపోయినా ట్రిప్ అయి మంచిగా ఉన్నట్టు చూపిస్తుంది. ఎర్త్ మీదుగా పరీక్షించే ఆర్‌సీడీ (ఆర్‌సీసీబీ) టెస్టర్‌తో చూడాలి.

గాలిమర:

ఒక్క విషయంలో ఓల్టుమీటరు గారితో విభేదిస్తాను. దారులు రెండు కాదు, మూడు. పాత ఇన్వర్టర్ బాగా పనిచేస్తూ వారంటీలో ఉంటే, దాన్ని గ్రిడ్ వైపే ఉంచి, బ్యాకప్ బోర్డు ముందు బ్యాటరీ ఇన్వర్టర్ పెట్టవచ్చు. కరెంటు ఉన్నంతసేపూ సోలార్ మామూలుగా నడిచి బ్యాటరీ నింపుతుంది. కోతలో సోలార్ ఉండదు, బ్యాటరీ మాత్రమే. స్ట్రింగ్ విప్పక్కర్లేదు, ఫ్రీక్వెన్సీ గొడవ లేదు, 3 కిలోవాట్ల యంత్రం చాలు. కోతలు 2 గంటలే అయితే నేను ఇదే చెప్పేవాణ్ణి. మీవి 6 దాకా ఉన్నాయి, పగలు సోలార్ నడవాలంటున్నారు, కాబట్టి హైబ్రిడ్ సరైనదే. ఇన్వర్టర్ మార్చే ముందు విద్యుత్ సంస్థకు తెలియజేయండి. నెట్ మీటరు ఒప్పందంలో ఇన్వర్టర్ వివరాలు నమోదై ఉంటాయి.

ఇంకోటి, ఎవరూ అడగలేదు గానీ: ఎగుమతి చేసిన యూనిట్‌కి యూనిట్ తిరిగి వచ్చే నెట్ మీటరు మీకుంటే, బ్యాటరీ వల్ల బిల్లు తగ్గదు. పెట్టి తీసేసరికి 10 శాతమో, అంతకంటే ఎక్కువో పోతుంది కూడా. అందుకని రోజూ సాయంత్రం బ్యాటరీ ఖాళీ చేసే మోడ్‌లో కాక, నిండుగా ఉంచి కోతకే వాడే బ్యాకప్ మోడ్‌లో పెట్టుకోండి.

సెట్టింగులు: ఛార్జింగ్ 56 ఓల్టులు, ఫ్లోట్ 54, డిశ్చార్జి 10 శాతం దగ్గర ఆపాలి. క్యాన్ కేబుల్ (బ్యాటరీకీ ఇన్వర్టర్‌కీ మధ్య సమాచారం మోసేది) కలిపితే బీఎంఎస్సే ఇవి ఇన్వర్టర్‌కి చెబుతుంది. మామూలు నెట్‌వర్క్ కేబుల్ తగిలించి పని చేయట్లేదనుకునేవాళ్లు చాలామంది. రెండు వైపులా పిన్ నంబర్లు ఒకటే కాకపోవచ్చు, మాన్యువల్ చూసి క్రింప్ చేయాలి. ఆ కేబుల్ లేకుండా ఓల్టేజి చూసి ఛార్జ్ ఎంతుందో లెక్కగట్టాలంటే ఈ రకం బ్యాటరీలో కుదరదు. 20 శాతానికీ 80 శాతానికీ మధ్య సెల్ ఓల్టేజి తేడా సుమారు 0.1 మాత్రమే, లోడు వేస్తేనే అంతకంటే ఎక్కువ పడిపోతుంది. బీఎంఎస్ లెక్క కూడా రోజులు గడిచేకొద్దీ తప్పుతుంది. కనీసం రెండు వారాలకోసారి 100 శాతానికి వెళ్లి కాసేపు అక్కడ నిలవాలి. అప్పుడే లెక్క సరిపడి, సెల్స్ బ్యాలెన్స్ అవుతాయి.

మెయిన్ దగ్గర తగిలించే సీటీ (తీగ చుట్టూ బిగించి కరెంటు కొలిచే క్లిప్పు) బాణం గుర్తు తిరగబడితే ఇన్వర్టర్ దిగుమతిని ఎగుమతి అనుకుంటుంది, అన్నీ తప్పుతాయి. రాత్రి 2 కిలోవాట్ల గీజర్ వేసి తెర మీద గ్రిడ్ అంకె చూడండి. దిగుమతి 2 కిలోవాట్లు పెరిగితే సరే, ఎగుమతి అని కనిపిస్తే సీటీని తిప్పి పెట్టండి.

బ్యాటరీ పెట్టే చోటు మెట్ల కింద కాదు, పడకగదిలో కాదు, పడమటి ఎండ కొట్టే గోడకి కాదు. 45 డిగ్రీలు దాటితే చాలా బీఎంఎస్‌లు ఛార్జింగ్ తగ్గిస్తాయి, లేదా ఆపేస్తాయి, సున్నా కంటే తక్కువలోనూ ఆపుతాయి. గోడకీ ఇన్వర్టర్‌కీ చుట్టూ కంపెనీ చెప్పిన ఖాళీ వదలండి. ఇన్వర్టర్‌ని బ్యాటరీకి సరిగ్గా పైన బిగించకండి, ఫ్యాన్ చేసే గాలికి దుమ్ము అంతా టెర్మినల్స్ మీదకి చేరుతుంది.