రేస్ ట్రాక్ మీదికి వెళ్లేముందు బైకు టైర్లలో గాలి తగ్గించాలా, వద్దా?

మూడో గేరు:
వచ్చే వారం మొదటిసారి ట్రాక్ మీదికి వెళ్తున్నాను. బైకు 600 సీసీ, టైర్లు మామూలు రోడ్డు స్పోర్ట్ టైర్లు. మాన్యువల్‌లో ముందు 36, వెనక 42 పీఎస్ఐ అని ఉంది. ఒక ఫ్రెండ్ రెండూ 30కి దించెయ్యమంటున్నాడు. ఇంకొకడేమో కంపెనీ అంకెలు ముట్టుకోవద్దంటున్నాడు. ఎవరి మాట వినాలి?

పాత చైను:
దించాల్సిందే. ఆ 42 వెనక సీటు మనిషినీ, సామానునూ, గంటల తరబడి హైవే ప్రయాణాన్నీ దృష్టిలో పెట్టుకుని ఇచ్చింది. ట్రాక్ మీద మీరొక్కరే. పైగా గట్టి బ్రేకు, నిండా వంపు, ఫుల్ థ్రాటిల్... టైరు బాగా కాగుతుంది, ప్రెషర్ పైకి పోతుంది. 42తో వెళ్తే టైరు బిర్రబిగుసుకుని, నేలకు ఆనే మేర తగ్గిపోతుంది. నేను మొదటిసారి అలాగే వెళ్లాను. నాలుగో ల్యాపులో మలుపు చివర థ్రాటిల్ తెరవగానే వెనక చక్రం పక్కకు జారింది. పడలేదు గానీ, ఆ సెషనంతా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తోలాను.

నెమ్మది రైడరు:
చైను గారూ, మీరు తోలే వేగం వేరు. మొదటిసారి వెళ్లేవాడు టైరును అంత కాగనివ్వడు. గాలి మరీ దించితే హ్యాండిల్ బరువెక్కుతుంది, బైకు వంగడానికి మొరాయిస్తుంది. తప్పు తనదో టైరుదో కొత్తవాడికి తెలిసి చావదు. ఇంకోటి, సాయంత్రం అదే బైకు మీద ఇంటికి వెళ్తూ మళ్లీ గాలి కొట్టించుకోవడం మర్చిపోయేవాళ్లు కోకొల్లలు.

పాత చైను:
కాగదంటున్నారుగా, అందుకే దించమంటున్నా! గాలి తక్కువుంటే టైరు గోడలు ఎక్కువ నలుగుతాయి, ఆ నలుగుడులోంచే వేడి పుడుతుంది. నెమ్మదిగా తోలేవాడికే అది ఎక్కువ అవసరం.

పిట్ లేన్ పిల్లి:
ఇద్దరూ చల్లటి టైరు అంకె పట్టుకుని వాదించుకుంటున్నారు. చూడాల్సింది పిట్‌లోకి, అంటే ట్రాక్ పక్కన బైకులు ఆపే చోటికి, రాగానే ఉండే వేడి ప్రెషర్. చిన్న లెక్క చెప్తాను. 25 డిగ్రీల దగ్గర 30 పీఎస్ఐ పెట్టారనుకోండి. లోపలి గాలి 65 డిగ్రీలకు కాగితే గేజ్ సుమారు 36 చూపిస్తుంది. అదే 42తో మొదలుపెడితే దాదాపు 50. పది డిగ్రీలకు ఒకటిన్నర నుంచి రెండు పీఎస్ఐ చొప్పున పెరుగుతుందన్నమాట. అందుకే ఉదయం చలిలో పెట్టిన అంకె మధ్యాహ్నం ఎండలో పనికిరాదు.

మోటోజీపీ అనే ప్రపంచ బైకు రేసుల వాళ్లకే ఈ తిప్పలు తప్పలేదు. అక్కడ ముందు టైరుకు కనీస ప్రెషర్ నిబంధన ఉంది. 2024 నుంచి అది 1.8 బార్, అంటే 26 పీఎస్ఐ. 2025 థాయిలాండ్ రేసులో మార్క్ మార్కెజ్ ముందంజలో ఉండి కూడా తమ్ముడు అలెక్స్‌కు దారిచ్చి, వెనకే చాలా ల్యాపులు తోలాడు. ముందున్న బైకు వేడి తగిలి ప్రెషర్ పెరగాలని! చివర్లో మళ్లీ దాటి గెలిచాడనుకోండి, అది వేరే సంగతి.

మీకైతే నా సలహా: రెండూ 32 పెట్టి వెళ్లండి, మొదటి సెషన్ కాగానే గేజ్ పెట్టండి. ఐదు నిమిషాలు కబుర్లు చెప్పుకున్నాక పెడితే ఆ అంకె దండగ. మీ టైరు కంపెనీ ట్రాక్ అంకెలు ఇస్తే నా మాట వదిలేసి అవి పట్టుకోండి.

స్లిక్కు:
మరి వెనక 24 పెట్టేవాళ్లున్నారే?

పిట్ లేన్ పిల్లి:
అది స్లిక్‌కి, అంటే గాడుల్లేని రేసు టైరుకి, అదీ టైర్ వార్మర్ దుప్పట్లలో కాగాక తీసిన అంకె. రోడ్డు టైరుకు అది పెడితే గోడలు నిలవవు, మలుపులో బైకు ఊగిసలాడుతుంది. పక్కవాడి అంకె కాపీ కొట్టేముందు వాడి టైరేంటో చూడండి.

నెమ్మది రైడరు:
32 అయితే నాకూ అభ్యంతరం లేదు. వాన పడితే మాత్రం దించొద్దు. గాడులు మూసుకుపోకుండా విచ్చుకుని ఉంటేనే నీళ్లు బయటికి పోతాయి.

మూడో గేరు:
వెళ్లొచ్చాను. ఉదయం 24 డిగ్రీలు, రెండూ 32. మొదటి సెషన్ కాగానే ముందు 35, వెనక 36.5. హెల్మెట్ కూడా తీయకుండా వెనక టైరును 34కి దించాను. రెండో సెషన్‌లో మలుపుల్లోంచి బయటికొస్తుంటే తేడా తెలిసింది, వెనక ఆ చిన్న చిన్న జారుళ్లు తగ్గాయి. సాయంత్రం బ్యాగు సర్దుకుని బైకు స్టార్ట్ చేశాక నెమ్మది రైడరు గారి మాట గుర్తొచ్చింది. గేజ్ పెడితే వెనక 30 కూడా లేదు! ఫుట్ పంప్ అడిగి తీసుకుని 36, 42కి కొట్టుకునేసరికి పిక్కలు పట్టేశాయి.

ఒక డౌట్. వెనక టైరు కుడి అంచున, రబ్బరుతో చెరిపితే రాలే పొట్టులాంటిది పేరుకుంది. ఎడమ వైపు శుభ్రంగా ఉంది. ప్రెషర్ ఇంకా తప్పా?

పిట్ లేన్ పిల్లి:
ట్రాక్‌లో కుడి మలుపులు ఎక్కువా? అయితే కొంత మామూలే. ఆ పొట్టు గోటితో గీకితే ఊడొస్తోందా, లేక టైరులోంచే చీలి లేచిందా? ఊడొస్తే నేల మీది చెత్త రబ్బరు అంటుకున్నట్టు. చీలి లేస్తే సస్పెన్షన్ కూడా చూడాలి. దగ్గరి నుంచి ఫోటో పెట్టండి.