గ్రీన్‌బ్యాక్‌ని "పచ్చనోటు" అనొచ్చా?

అమెరికా అంతర్యుద్ధం మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నా, గ్రీన్‌బ్యాక్ (అప్పటి అమెరికా సర్కారు కాగితం నోటు) దగ్గర రెండ్రోజులుగా ఆగిపోయా. 1861 డిసెంబర్ చివర్లో బ్యాంకులు నోటుకి బంగారం ఇవ్వడం ఆపేశాయి, సైన్యానికేమో జీతాలివ్వాలి, దాంతో 1862 ఫిబ్రవరి 25న చట్టం చేసి 15 కోట్ల డాలర్ల కాగితం నోట్లకి దారి తెరిచారు. వెనకవైపు ఆకుపచ్చ సిరా, అందుకే ఆ పేరు. "పచ్చనోటు" అని రాస్తే మా అక్క చదివి, పసుపు రంగా? అంది 🙂

— అక్కగారి తప్పేం లేదండి. పచ్చకామెర్లలో పచ్చ పసుపే, పచ్చగడ్డిలో ఆకుపచ్చ. అలాగని "పచ్చవీపు" మాత్రం పెట్టకండి బాబూ, నోటుకి వీపేంటి. గ్రీన్‌బ్యాక్ అనే ఉంచేయండి. యుద్ధంలో అవతలి పక్షం, అంటే విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల నోట్లని గ్రేబ్యాక్ (బూడిదరంగు వీపు) అనేవాళ్లు, సైనికులు ఒంటిమీద పేలనీ అదే మాటతో పిలిచేవాళ్లు, ఆ వెటకారం ఏ తెలుగు మాటలో వస్తుంది?

— రంగు సంగతి వదిలేయండి, నాకు "చెల్లు" దగ్గర సరదాగా ఉంది. చెల్లించు అంటే వ్యాకరణం ప్రకారం చెల్లేలా చేయడమే కదా, కానీ ఈ నోటు చెల్లుతుంది, దానికి బంగారం మాత్రం చెల్లించరు! 1861 డిమాండ్ నోట్లయితే అడగ్గానే ఇస్తామన్నవి, 1862 వాటి మీద ఇస్తాం అనే ఉంది, ఎప్పుడో లేదు. ఇంకా విచిత్రం, అందరూ తీసుకోవాల్సిందే అన్న సర్కారే దిగుమతి సుంకానికి ఈ కాగితం తీసుకోలేదు, నాణెమే కావాలంది. 1879 జనవరి 1 దాకా అంతే, దాదాపు 17 ఏళ్లు చెల్లింది గానీ చెల్లించలేదు.

— మరి దక్షిణాది వాటి సంగతి?

— వాటి మీద గడువు రాసుంది, ఉత్తరాదితో సంధి కుదిరిన ఆరు నెలలకి ఇస్తామని, తర్వాత అచ్చేసిన వాటిమీద అది రెండేళ్లయింది. సంధి లేదు, 1865లో ఓడిపోయారు, అచ్చంగా చెల్లని కాసు.

— బాగుంది, అయితే గ్రీన్‌బ్యాక్ అనే ఉంచి మొదటిసారి వచ్చినచోట "వెనక ఆకుపచ్చగా ఉండే నోటు" అని ఒక ముక్క కలుపుతా, చట్టం గురించి చెప్పేచోట "చెల్లుబాటు" వాడతా. పేల సంగతి కూడా పెట్టేస్తున్నా, ఎడిటర్ తీసేస్తే తీసేస్తారు.