తంగేటి జున్ను: ఇంతకీ ఏ తంగేడు?

నిన్న ఒకరు "తంగేటి జున్ను" అంటే ఏంటని అడిగితే సగం మంది పాల జున్ను దగ్గరే ఆగిపోయారు. ఇక్కడ జున్ను అంటే తేనెపట్టు. కన్ను కంటి అయినట్టే జున్ను జుంటి అవుతుంది, జుంటితేనె అలా వచ్చిందే. కష్టపడకుండా చేతికందేది అని జాతీయానికి అర్థం. ఇంతవరకు పేచీ లేదు.

పేచీ అంతా తంగేడు గురించే. అది కొండ తంగేడు, కలపకి వాడే పెద్ద మాను అని ఒక పెద్దాయన గట్టిగా వాదించారు. అంత మాను ఎక్కి తీయాల్సిన తేనె సులభంగా అందేది ఎలా అవుతుంది సార్?

పేరు పట్టుకుని కొట్టుకునే బదులు హెర్బేరియం షీట్లు, అంటే ఎండబెట్టిన మొక్కల నమూనాలు అంటించిన అట్టలు చూస్తే తేలిపోతుంది. మన హైదరాబాద్ అత్తాపూర్‌లోనే మొక్కల మీద సర్వే చేసే ప్రభుత్వ సంస్థ బొటానికల్ సర్వే వాళ్ల దక్కన్ కేంద్రం ఉంది. పూల కొమ్మని నొక్కి ఎండబెట్టి అట్టకి అంటించి, ఎక్కడ దొరికింది, ఏ తేదీన, ఎవరు కోశారు, ఊళ్లో ఏమంటారు అని మూలన చీటీ పెడతారు. అట్ట మీద పట్టేది ఒక్క కొమ్మే కాబట్టి మొక్క ఎత్తు, అది పొదా చెట్టా అన్నది చీటీలో రాస్తేనే తెలుస్తుంది, మన జాతీయానికి కావలసింది సరిగ్గా అదే. బతుకమ్మలో పేర్చే తంగేడు పొద. మొక్కలకి శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ 1753లో దానికి కాసియా ఆరిక్యులేటా అని పేరు పెట్టాడు, ఇప్పుడు సెన్నా ఆరిక్యులేటా అంటున్నారు. ఆకు మొదట్లో చెవుల్లా ఉండే పత్రపుచ్ఛాలే ఆ పేరుకి కారణం, అవి ఎండిన షీట్‌లో కూడా కనిపిస్తాయి. కొండ తంగేడు జైలియా జైలోకార్పా, ఆకు చూస్తేనే తేడా తెలుస్తుంది. చిన్న తేనెటీగలు పొదల్లో కొమ్మకి ఒకటే చిన్న పట్టు పెడతాయి, నిలబడే తీసుకోవచ్చు.

ఒక్క జాగ్రత్త. చీటీల మీద ఇంగ్లిష్ అక్షరాల్లో ఉన్న పేరు చూసి తంగేడా తంగెడా అని తేల్చకండి, ఆ లిపిలో ఏకీ ఎకీ తేడా తెలీదు. పైగా ఆ పేరు ఊళ్లో అడిగి రాశారా, రాక్స్‌బర్గ్ లాంటి పాతకాలపు వృక్షశాస్త్రవేత్తల పుస్తకం నుంచి ఎత్తి రాశారా అన్నది చీటీ చెప్పదు. నేనైతే మొక్క ఏదన్న దానికి షీట్‌నే నమ్ముతా, పలుకుబడికి మాత్రం ఊళ్లో అమ్మమ్మలనే అడుగుతా.

— మరి నేల తంగేడు సంగతేంటన్నా?

అది సునాముఖి తమ్ముడూ, విరేచనాలకి వాడేది. దాని జోలికి పోకు.